అద్దె సర్వరూ, సొంత ప్రాజెక్టూ

ఆఖరి సంవత్సరం రాగానే మన కంప్యూటరు విద్యార్థుల్లో ఒక జబ్బు బయటపడుతుంది. ప్రాజెక్టు రాయరు, కొంటారు. ఇంత అని డబ్బిస్తే చాలు, బైండు చేసిన రిపోర్టుతో సహా ఎవరో చేతిలో పెడతారు. వైవా రోజు ఒకసారి ఆడించి చూపడం, ఆ తర్వాత బీరువాలో పడెయ్యడం.

ఎందుకప్పా ఇట్లా అంటే, "రాసింది యాడ పెట్టేది? సర్వరుకు నెలనెలా అద్దె ఎవరు కడతారు?" అంటారు. ఒకప్పుడు ఇది న్యాయమైన ప్రశ్నే. ఓబులదేవరచెరువు నుంచో ఆమడగూరు నుంచో, చెనిక్కాయ పంటను నమ్ముకున్న ఇంటినుంచి వచ్చినవాడు సర్వరుకు అద్దె ఎక్కడ తెచ్చి కడతాడు? కానీ ఈనాడు ఆ సాకు చెల్లదని నా అభిప్రాయం.

'సర్వర్‌లెస్' అనే పేరే తప్పుదారి పట్టించేది. సర్వరు లేకేం, ఉంటుంది. ముంబైలోనో హైదరాబాదులోనో ఏదో కంపెనీ గదిలో ఉంటుంది. మన మెట్ట రైతుల్లో సొంత ట్రాక్టరున్నవాళ్ళు ఎందరు? పదును చూసి గంటకింత అని అద్దెకు పిలుస్తారు, దున్నినంతసేపటికే డబ్బిస్తారు. ఇదీ అంతే. 2014 నవంబరులో అమెజాన్ 'లాంబ్డా' పేరుతో ప్రకటించిన ఈ పద్ధతిలో, మనం రాసిన ఫంక్షను ఎవరైనా పిలిచినప్పుడే నడుస్తుంది. 2020 డిసెంబరు నుంచి లెక్క మిల్లీసెకన్లలోనే. నెలకు 10 లక్షల పిలుపుల దాకా ఉచితం. అమెజాన్ ఖాతాకు బ్యాంకు కార్డో, డబ్బు కట్టే మరో మార్గమో చూపాలి. కార్డు లేనివాళ్ళకు క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ ఉంది, అందులో రోజుకు లక్ష పిలుపులు ఉచితం. మన ఊళ్ళ ప్రాజెక్టుకు ఇంతకంటే ఏం కావాలి?

పైగా భాష ఒక్కటే. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపమిచ్చిన జావాస్క్రిప్ట్, 2009లో నోడ్ వచ్చాక సర్వరు మీద కూడా స్థిరపడిపోయింది. బ్రౌజరుకూ ఫంక్షనుకూ అదే సరిపోతుంది.

అయితే నా గోడు వేరే ఉంది. వీడియో చూసి మక్కీకిమక్కీ దించి, సర్టిఫికెట్టు తెచ్చుకుంటే విద్య వచ్చినట్టేనా? ఫంక్షనులో ఒక వేరియబుల్ పెట్టి, వచ్చినవాళ్ళ లెక్క దాంట్లో దాస్తారు. కాసేపు సరిగ్గానే పనిచేస్తుంది, కాసేపటికి సున్నా అయిపోతుంది. ఎందుకు? తొందర తొందరగా పిలుపులు వస్తే పాత యంత్రాన్నే మళ్ళీ వాడతారు, రాకపోతే తీసేస్తారు. గుర్తుండాల్సిందంతా డేటాబేసులో దాచాలి. అట్లాగే చాలాసేపు పిలవకపోతే మొదటి జవాబు ఆలస్యం; బావి మీది పాత ఆయిల్ ఇంజను హ్యాండిలు తిప్పితే ఊరికే అందుకుంటుందా! ఇవి తెలియకుండా సర్టిఫికెట్టు పట్టుకొని బెంగుళూరు బస్సెక్కి ఏం లాభం?

సొంతంగా చేయదగ్గ పని మన కళ్ళెదుటే ఉంది. కదిరి, హిందూపురం, ధర్మవరం బస్సుల వేళలు చెప్పే చిన్న పేజీ రాసి చూడండి. ఊరి పేరు దగ్గరే అసలు పాఠం మొదలవుతుంది. 'ఓబులదేవరచెరువు' మన కంటికి 9 అక్షరాలు. జావాస్క్రిప్ట్‌ను పొడవు అడిగితే 14 అంటుంది. గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కపెడుతుంది గనక. అదే పేరును ఒకరు 'ఓబుళదేవరచెరువు' అంటారు, ఇంకొకరు 'ఓ.డి.చెరువు' అంటారు. మనకు మూడూ ఒకటే ఊరు, యంత్రానికి మూడు ఊర్లు. ఈ చిక్కు ఏ కొనుక్కున్న ప్రాజెక్టులోనూ ఉండదు. దీన్ని విప్పినవాడికి ఉద్యోగం ఇచ్చేవాళ్ళూ దొరుకుతారు.

ఒక హెచ్చరిక కూడా. కంపెనీలు ఇవాళ ఉచితమన్నది రేపు కాదనవచ్చు. అందుకని అసలు లెక్కంతా మామూలు జావాస్క్రిప్ట్ ఫంక్షన్లలో రాసి, కంపెనీకి సంబంధించిన నాలుగు వరుసలు విడిగా ఉంచితే, ఇల్లు మారినంత సులువుగా మారవచ్చు. కార్డు ఇచ్చినవాళ్ళు ఖర్చు హెచ్చరిక పెట్టుకోవడం మరవకండి.

అధ్యాపక వర్గానికి నా మనవి ఒక్కటే. రిపోర్టు లావు చూసి మార్కులు వెయ్యొద్దు. వైవాలో విద్యార్థి ఇచ్చిన లింకును మీ సెల్లులో తెరవండి. ఏదో ఒక్క వరుస మార్చమని చెప్పి, పావుగంట టైమివ్వండి. సొంతంగా రాసినవాడెవరో, కొన్నవాడెవరో అక్కడికక్కడే తేలిపోతుంది.