స్టాక్‌హోం నగరమునకు ప్రయాణసన్నాహము

మా పాఠశాల పై తరగతుల విద్యార్థి యొకడు ఇటీవల మమ్ము ఒక ప్రశ్న యడిగెను. "స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోం నగరమునకు మావంటివారు పోవలసివచ్చినచో ఏమేమి సిద్ధము చేసికొనవలెనండీ?" అని. తరగతిలోనివారు పకపక నవ్విరి. మేము నవ్వలేదు. వానకాలమున పాడేరునకు పోవుటయే ప్రయాసమైన ముంచింగిపుట్టులో ఇట్టి ప్రశ్న వింతగా తోచవచ్చును. కాని ఈ కొండలలోని బిడ్డలు విద్యకొరకో ఉద్యోగముకొరకో దూరదేశములకు పోవు దినము రాదని చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు. కావున మా అభిప్రాయమును ఈ పత్రికాముఖమున విన్నవించుచున్నాము.

విశాఖపట్టణమున సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివిన బాలుడొకడు పూర్వమే ఆ నగరమునకు పోయియున్నాడు. ఆయనయే చంద్రశేఖర వెంకటరామన్ గారు. 1888లో తిరుచిరాపల్లిలో జన్మించిన ఆయన, తండ్రిగారు ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులగుటచే బాల్యమును విశాఖపట్టణమున గడపిరి. 1930 డిసెంబరు 10వ తేదీని స్టాక్‌హోంలో భౌతికశాస్త్రమునకు నోబెల్ బహుమానము నందుకొనిరి. బహుమాన ప్రకటన నవంబరులో వెలువడగా, ఆయన జూలైలోనే తనకును భార్యకును ఓడ టిక్కెట్లు తీసియుంచిరని చెప్పుదురు. ఇది అతిశయమని కొందరందురు, ముందుచూపని మేమందుము. సముద్రముమీద దినములకు దినములు గడచు ఆ కాలమున, ప్రకటన వచ్చినపిదప మూటాముల్లె సర్దుకొనువాడు సకాలమున చేరుట దుర్లభము. పిలుపు రాకముందే సిద్ధపడవలెననునదియే మేము చెప్పదలచిన మాట.

అట్టి సన్నాహములో మొట్టమొదటిది ఉన్ని కోటని పిల్లలనుకొందురు. మా యనుభవమున మొట్టమొదటిది పేరు. జననధ్రువపత్రములో నొక తీరు, బడి రిజిస్టరులో నొక తీరు, ఆధార్ కార్డులో మరియొక తీరు వ్రాయబడిన పేర్లు మన గ్రామములలో ఎన్ని యున్నవో లెక్కలేదు. కిల్లో, కొర్రా, పాంగి మొదలగు ఇంటిపేర్లు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను, ఒకచోట బొత్తిగా లేకయు కనబడును. పుట్టిన తేదీయు అంతే. బడిలో చేర్చుకొన్ననాడు ఉపాధ్యాయుడు బిడ్డ ఎత్తును చూచి ఊహించి వ్రాసినదే శాశ్వతమైపోవును. మా పూర్వవిద్యార్థి యొకడు విదేశమున శిక్షణకు ఎన్నికయై, మూడు పత్రములలో మూడు విధములుగానున్న తన పేరును సరిచేయించుకొనుటకై కార్యాలయములచుట్టు తిరుగుచుండగనే గడువు దాటిపోయెను. ఆ తప్పులలో నొకటి మా రిజిస్టరులోనిదే. ఆ సంగతి చెప్పుకొనుటకు మాకు సిగ్గుగానే యున్నది. అయినను చెప్పకపోవుట అంతకంటె సిగ్గు.

పాస్‌పోర్టు చేతికి వచ్చినపిదప వీసా సంగతి. స్వీడను షెంగెన్ కూటమిలోని దేశము. తొంబది దినములకు మించని సందర్శనమునకు ఒకే వీసాతో ఆ కూటమి దేశములన్నిటను తిరుగవచ్చును. ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు పెట్టవచ్చును. పదునైదు దినములకంటె తక్కువ వ్యవధి యుండరాదు. పెద్దలకు రుసుము 2024 జూన్ నుండి 90 యూరోలు. పాస్‌పోర్టు గత పదేండ్లలోపల జారియైనదై, తిరుగు ప్రయాణము తరువాత కనీసము మూడు నెలలు చెల్లునదై, అందు రెండు పుటలైనను ఖాళీగా నుండవలెను. కనీసము 30,000 యూరోల వైద్యఖర్చులకు భీమా చేయించుకొనవలెను. బస ఎచ్చట, ఖర్చునకు సొమ్మెచ్చటిది, తిరిగివచ్చుటకు ఆధారమేమి యనువానికి కాగితములు చూపవలెను. విమానపు టిక్కెట్టుమీది పేరు పాస్‌పోర్టులోని పేరుతో అక్షరము తప్పక సరిపోవలెను.

ఇక చలి. డిసెంబరు మాసమున అరకు, చింతపల్లి ప్రాంతముల చలి నెరిగినవారమని మనకు కొంత ధీమా గలదు. అది చాలదు. అచ్చట శీతకాలమున నీరు గడ్డకట్టు చలి దినములతరబడి యుండును; నడచు బాటలు మంచుచే జారుచుండును. పైగా మనము నెగడుచుట్టు కూర్చుండి చలి కాచుకొందుము. వారి యిండ్లలోపల ఎల్లవేళల వెచ్చగా నుండును. కావున ఒక్క బరువైన కోటు ధరించుటకంటె, ఒంటిని అంటియుండు ఉన్నిబట్ట, దానిమీద వెచ్చని చొక్కా, పైన గాలివానల నాపు అంగీ, ఇట్లు మూడు వరుసలుగా ధరించి, లోపలికి పోయినపుడు విప్పుకొనుట మేలు. లోపలిబట్ట నూలుది కారాదు. చెమటకు తడిసినచో అదియే చలి పుట్టించును. అడుగు పట్టు గల బూట్లు తప్పనిసరి. డిసెంబరులో అచ్చట ఉదయము ఎనిమిదిన్నరకుగాని ప్రొద్దు పొడువదు. మధ్యాహ్నము మూడు గంటలు కాకముందే క్రుంకును. జూన్‌లోనో పదునెనిమిది గంటలకు పైగా పగలే. చలికంటె ఈ చీకటికే మనస్సును ముందుగా సిద్ధపరచుకొనవలెను.

అచ్చటి నాణెము యూరో కాదు, క్రోనా. చాలచోట్ల నోట్లు పుచ్చుకొనరు. విదేశములలో చెల్లు బ్యాంకు కార్డు లేనివానికి అడుగడుగున చిక్కే. అమ్మ కట్టియిచ్చు మూటలో నెయ్యి, కోవా, ఎండుమాంసము ఉండరాదు. ఐరోపా కూటమిలోనికి మాంసమును పాలపదార్థములను కొనిపోనీయరు. పండ్లకును పరీక్షాపత్రము కావలెనుగాని, అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరములకు మినహాయింపు కలదు. కొనిపోదగిన మంచి కానుక మన కాఫీపొడియే. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. స్వీడనువారు తలసరి కాఫీ మిక్కిలిగా త్రాగు జనులలో నొకరు. పని నిలిపి నలుగురు కూడి కాఫీ త్రాగుటకు వారు 'ఫీకా' యని పేరుకూడ పెట్టుకొనిరి.

వారి మర్యాదలు మనకు మరీ పరాయివి కావు. గుమ్మమువద్ద చెప్పులు విడిచి లోపలికి పోవుదురు. వరుసను తప్పి ముందునకు త్రోసికొనిపోవుట వారికి గిట్టదు. చెప్పిన వేళకు చేరుటను గౌరవముగా నెంతురు. ఇతరుల అడవిలోనైనను నడచుటకును, కాయలు పుట్టగొడుగులు ఏరుకొనుటకును సర్వజనులకు హక్కు గలదు. అడవినుండి ఉసిరి, కుంకుడు, చింతపండు తెచ్చి సంతలో నమ్ము తల్లుల బిడ్డలు ఈ హక్కును గూర్చి వారినడిగి తెలిసికొనవలెను. ఆ దేశపు ఉత్తరభాగమున సామీలను ఆదివాసులు గలరు. వారికి 1993 నుండి స్వంత ప్రతినిధిసభ యున్నది. ఇంత దూరమునుండి పోయినవాడు అది యెట్లు పనిచేయుచున్నదో విచారింపక తిరిగివచ్చుట వెలితి.

ఆ నగరమున వాసా యను ఓడ యొకటి ప్రదర్శనశాలలో నున్నది. రాజు కోరగా అరువదినాలుగు ఫిరంగులతో నలంకరించిన ఆ యుద్ధనౌక 1628 ఆగస్టు 10వ తేదీని తొలిసారి బయలుదేరి, 1,300 మీటర్లు పోయి, గాలికి ఒరిగి మునిగిపోయెను. పైభాగము మిక్కిలి బరువైనది. దానిని నిలుపుటకు అడుగున వేసిన రాళ్ల బరువు చాలలేదు. అంతకుముందు ముప్పదిమంది నావికులను అటునిటు పరుగెత్తించి పరీక్షింపగా ఓడ ఊగిపోయినది. అయినను నిలుపుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. 1961లో దానిని పైకెత్తిరి. కోటును, టిక్కెట్టును, ఛాయాచిత్రములను గూర్చి యోచించి, పేరును, తేదీని, కాగితములను గూర్చి యోచింపనివాని ప్రయాణము ఇట్టిదే.

కావున మా మనవి యిది. ప్రతి సంవత్సరము బడి తెరచిన మొదటి మాసమున తలిదండ్రులను పిలిచి, రిజిస్టరు వారియెదుట విప్పి, బిడ్డ పేరును పుట్టిన తేదీని బిగ్గరగా చదివి వినిపింపవలెను. చదువురాని తల్లికి ఆమె యింటిభాషలో చెప్పవలెను. తప్పున్నచో ఆనాడే దిద్దుటకు పూనుకొనవలెను. ఈ పని మా పాఠశాలలోనే ముందుగా జరుగవలెనని కోరుచున్నాము. అడిగిన విద్యార్థి స్టాక్‌హోం చూచునో లేదో చెప్పజాలము. చూడలేకపోయినచో, అందులకు కారణము మా చేతివ్రాత మాత్రము కాకూడదు.