లేబుల్ మీది పేరు ఎవరిది?

భూమి పట్టా ఎవరి పేరున ఉందని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాం. ఇంటి స్థలం, బ్యాంకు ఖాతా, పిల్లల స్కూలు రిజిస్టరు అన్నింటిలో స్త్రీ పేరు కోసం పోట్లాడాం. మన కుట్టు కేంద్రాల్లో తయారయ్యే బట్టలకు మెడ వెనుక కుట్టే చిన్న లేబుల్ విషయంలో మాత్రం ఆ ప్రశ్న ఇంకా అడగడం లేదు.

నాకు తెలిసిన ఒక సంఘంలోని స్త్రీలు నాలుగేళ్లపాటు ఊరూరా బజార్లలో కుర్తీలు, పిల్లల గౌన్లు అమ్మి ఒక పేరును జనం నోట నిలబెట్టారు. సరుకు కొనే వ్యాపారి "కాగితాల సంగతి నేను చూసుకుంటానమ్మా" అని ఆ పేరును తనదిగా రిజిస్టరు చేయించుకున్నాడు. ఇప్పుడు ఆ పేరుతో వేరేచోట అమ్మితే కేసు పెడతానంటున్నాడు. చట్టం అతని పక్షాన పూర్తిగా లేదు. 1999 ట్రేడ్ మార్కుల చట్టం 34వ సెక్షన్ అంతకుముందు నుంచీ పేరు వాడుతున్నవారి హక్కును కాపాడుతుంది. రిజిస్ట్రేషన్ రద్దు చేయమనీ అడగవచ్చు. అయితే వాడుతున్నామనడానికి రుజువేదీ? బిల్లు పుస్తకం లేదు. లేబుళ్లు అచ్చు వేసిన ప్రెస్సు రశీదు ఎవరూ దాచలేదు. స్టాలు కేటాయించిన ఉత్తరం ఒక్కటే మిగిలింది.

కాబట్టి తేదీ వేసిన ప్రతి కాగితాన్నీ దాచాలి. ఇక దరఖాస్తు సంగతి. తయారైన దుస్తులు 25వ తరగతిలోకి వస్తాయి, మీటర్ల లెక్కన అమ్మే గుడ్డ 24లోకి. మన రెండు రాష్ట్రాలకూ రిజిస్ట్రీ చెన్నైలో ఉంది, కానీ ఆన్‌లైన్లో వేయవచ్చు. 2017 నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు 4,500 రూపాయలు, మిగతావారికి 9,000.

అసలు మెలిక ఇక్కడే ఉంది. సగం డబ్బు మిగులుతుందని సంఘం పేరు వదిలి, లీడరు పేరునో, ఆమె భర్త పేరునో వేసేస్తున్నారు. ఆ 4,500 కోసం ఇరవై మంది కష్టం ఒకరి సొత్తు అయిపోతుంది. సంఘం ఉద్యమ్ పోర్టల్లో చిన్న పరిశ్రమగా నమోదైతే ఆ రాయితీ సంఘానికే వస్తుంది, ఆ నమోదుకు రుసుము లేదు. ఏ చట్టం కిందా రిజిస్టరు కాని పొదుపు సంఘానికి మాత్రం సొంతంగా ఆస్తి ఉంచుకునే వీలు ఉండదు. ముందు 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందనో, ఉత్పత్తిదారుల కంపెనీగానో నిలబడాలి.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మనం కూడా ఈ విషయంలో శుద్ధులమేమీ కాదు. ప్రాజెక్టు డబ్బుతో డిజైనరును పిలిచి, మంచి పేరు పెట్టించి, మార్కును సంస్థ పేరునే ఉంచుకుంటున్నాం. నిధులు ఆగి సంస్థ మూతపడితే ఆ పేరు ఎక్కడికి పోతుంది? గుజరాత్‌లో సేవా సంఘం తన బట్టలకు "హన్సిబా" అని పేరు పెట్టింది. తమతో కలిసిన తొలి గ్రామీణ చేతిపని స్త్రీ పేరది. అమ్మకాలు చూసే కంపెనీలో కళాకారిణులే వాటాదారులు. ఇప్పటికే మన సంస్థ పేరున ఉన్న మార్కునైనా రాతపూర్వకంగా స్త్రీల సంఘానికి బదిలీ చేసి రిజిస్ట్రీలో నమోదు చేయించవచ్చు.

పేరు ఎంచుకునేటప్పుడు ఊరి పేరు జోలికి పోవద్దు. పోచంపల్లి ఇక్కత్ వంటి పేర్లు భౌగోళిక గుర్తింపు కింద అక్కడి నేతగాళ్లందరివీ. "చక్కని కాటన్" లాంటి వర్ణనకూ రిజిస్ట్రేషన్ దొరకదు. దరఖాస్తు వేశాక టిఎం అని రాసుకోవచ్చు. వలయంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ చేతికొచ్చాకే, ముందే వేయడం చట్టవిరుద్ధం. రిజిస్ట్రీ ఒప్పుకున్నాక పేరును జర్నల్లో ప్రకటిస్తుంది. ఆపైన నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. మన పేరును మరొకరు ఎత్తుకుపోతుంటే మనం ఆపాల్సిందీ ఆ నాలుగు నెలల్లోనే. అందుకని ఆ జర్నల్ చూసే పని సంఘంలో చదువుకున్న ఒక అమ్మాయికి అప్పగించండి.

రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది, తర్వాత మళ్లీ రుసుము కట్టాలి. మీ కేంద్రంలో లేబుల్ ఉంటే ఫైలు తీసి, యజమాని అన్న చోట ఎవరి పేరు రాసి ఉందో చూడండి. వచ్చే సంచికకల్లా మాకు రాయండి.