అల్ట్రా పెట్టకురా అల్లుడూ!

పోయిన శనివారం పొద్దున్నే, ఇంకా గొంతులో కాఫీ కూడా పడలేదు, కూకట్‌పల్లి నించి మా అక్క కొడుకు ఫోను.

"మామా, 5090 కార్డు బుక్ చేస్తున్న. ఈఎంఐ ఇస్తున్నరు, ఇరవై నాలుగు నెలలు. నువ్వు ఒక్కసారి ఊ అను."

"ఎందుకురా అంత కార్డు?"

"వీఆర్‌ల డీసీఎస్ ఆడదామని. అన్నీ అల్ట్రాల పెట్టి."

వాడు ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కార్డు ఒక్కటే రెండు లక్షలు దాటింది. నేను ఊ అనలేదు. వాడు అలిగాడు. "నువ్వైతే అమెరికాల కూసొని అన్నీ కొనుక్కుంటవు" అని ఫోను పెట్టేశాడు. ఆ మాట కాస్త గట్టిగానే గుచ్చుకుంది, నిజం కాబట్టి. అందుకే ఈ టపా. వాడికోసం, ఈ పిచ్చి కొత్తగా పట్టిన మరో పదిమంది కోసం.

ముందు నా పిచ్చి సంగతి చెప్పాలి. మాది దుండిగల్ పక్క ఊరు. ఎయిర్ ఫోర్స్ అకాడమీ కిరణ్ జెట్లు నెత్తిమీంచి పోతుంటే ఆ చప్పుడుకి లెక్కల సారు పాఠం ఆపేసేవారు. నేను కిటికీలోంచి మెడ చాపేవాణ్ణి. పైలట్ అవుదామని గట్టిగా అనుకున్నాను. తొమ్మిదో తరగతిలో కళ్ళజోడు వచ్చింది. ఆ కథ అక్కడితో సరి. తర్వాతంతా మీకు తెలిసిందే... ఇంజనీరింగు, జావా, విమానం ఎక్కడం (వెనక సీట్లో).

మొదటిసారి హెడ్‌సెట్ పెట్టుకుని ఎఫ్-18 కాక్‌పిట్‌లో కూర్చున్నప్పుడు పక్కకి తిరిగి చూస్తే రెక్క నిజంగా రెక్కంత ఉంది. మానిటర్ మీద ఇరవై ఏళ్ళు ఆడినా రాని అనుభవం అది. ఎదురు విమానం ఎంత దూరంలో ఉందో, నేల ఎంత కిందుందో కళ్ళే చెప్తాయి. రన్‌వే మీద దిగడం, గాల్లో ట్యాంకర్ వెనక చేరి ఇంధనం నింపుకోవడం ఒక్కసారిగా సులువయ్యాయి. అంత ఆనందంలో నేనేం చేశానంటే, మా అల్లుడు చేయబోయిందే చేశాను. దొరికిన కార్డుల్లో పెద్దది కొని అన్నీ అల్ట్రాలో పెట్టాను. పదో నిమిషంలో కడుపులో తిప్పి చెత్తబుట్ట దగ్గరికి పరిగెత్తాను. "ఇన్ని డబ్బులు పోసి వాంతులు కొనుక్కున్నారా?" అంది మా ఆవిడ. ఇప్పటికీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

సరే, అసలు విషయానికొద్దాం. లెక్క చూడండి. మామూలు 1920x1080 మానిటర్‌లో 20 లక్షల చిల్లర చుక్కలు. క్వెస్ట్ 3లో ఒక్కో కంటికి 2064x2208, రెండు కళ్ళకీ కలిపి 91 లక్షలు. అంటే 4కే మానిటర్ కన్నా ఎక్కువ. లెన్సు అంచుల్లో వచ్చే వంకర సరిచేయడానికి ఇంకొంచెం ఎక్కువే గీయాలి. ఇదంతా 90 హెర్ట్జ్‌లో అయితే 11.1 మిల్లీసెకన్లలో, 72 హెర్ట్జ్‌లో అయితే 13.9 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. అందుకోలేకపోతే సాఫ్ట్‌వేర్ సగం ఫ్రేములు మాత్రమే తీసుకుని మధ్యలోవి ఊహించి అతికిస్తుంది. ఆ అతుకు మబ్బుల మీద కనపడదు. కానీ పక్కనించి దూసుకెళ్ళే శత్రువిమానం అంచులు నీళ్ళలో బొమ్మలా అల్లాడతాయి, ప్రొపెల్లర్ వంకరపోతుంది. యుద్ధంలో చూడాల్సింది సరిగ్గా అదే కదా!

కాబట్టి నా మొదటి సిద్ధాంతం: వీఆర్‌లో అందం కంటే నిలకడ ముఖ్యం. నిలకడగా వచ్చే 72, ఊగిసలాడే 90 కన్నా నయం. నేను 72లోనే ఉన్నాను. సిగ్గేం లేదు.

రెండో సిద్ధాంతం: డబ్బు ఖర్చుపెట్టే వరుసలో గ్రాఫిక్స్ కార్డు చివర్న ఉండాలి. 

మొదట కొనాల్సింది జాయ్‌స్టిక్కు, థ్రాటిలు. హెడ్‌సెట్ పెట్టుకున్నాక కీబోర్డు కనపడదు. ఆయుధం మార్చడం, రాడార్ తిప్పడం, ఫ్లేర్లు వదలడం... అన్నీ వేళ్ళకి తడిమితే తెలియాలి. స్టిక్కు మీద బటన్లు సరిపడా లేకపోతే రెండు లక్షల కార్డు పెట్టుకుని కూడా మౌసు కోసం గుడ్డివాడిలా బల్లంతా తడుముకోవాలి. పెడల్స్ తర్వాత కొనుక్కోవచ్చు, మెలితిప్పే స్టిక్కుతో రడ్డర్ పని గడిచిపోతుంది. 

తర్వాత కళ్ళు. కనుపాపల మధ్య దూరం కొలిపించుకుని హెడ్‌సెట్‌లో అంతే పెట్టండి. ఇది తప్పుగా ఉంటే ఏ సెట్టింగూ తలనొప్పిని ఆపలేదు. కళ్ళజోడు వాళ్ళు మీ పవర్‌తో లోపల అమర్చే లెన్సులు చేయించుకోండి. జోడు అద్దాలు రుద్దుకుంటే హెడ్‌సెట్ లెన్సుల మీద గీతలు పడతాయి. ఇంకో ముఖ్యమైన మాట: హెడ్‌సెట్‌ని ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకండి. ఆ లెన్సులు భూతద్దాల్లా ఎండని లోపలి తెర మీదికి గుమ్మరిస్తాయి. కాసేపట్లో మచ్చ పడుతుంది, పోదు.

మూడోది ప్రాసెసరు, మెమరీ. యుద్ధవిమానాల ఆటలు బొమ్మలు గీయడంకన్నా లెక్కలతో ఎక్కువ కుస్తీ పడతాయి. పెద్ద క్యాష్ ఉన్న ప్రాసెసర్లు (రైజెన్‌లో ఎక్స్3డీ రకం) ఇక్కడ బాగా పనికొస్తాయి. డీసీఎస్‌కి 32 జీబీ ర్యామ్ కనీసం, నలుగురితో కలిసి ఆన్‌లైన్‌లో ఆడితే 64 ఉంటే హాయి. 

మీ సిస్టంలో ఎవరు వెనకబడుతున్నారో తెలుసుకోడానికి రూపాయి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఒకే మిషన్, ఒకే చోటు. హెడ్‌సెట్ రిజల్యూషన్ సగానికి తగ్గించండి. ఫ్రేములు పెరిగాయా, తప్పు కార్డుది. పెరగలేదా, తప్పు ప్రాసెసరుది, కొత్త కార్డు కొన్నా లాభం లేదు. కన్సల్టెంటుగా నేను క్లయింట్లకి ఇచ్చే సలహా కూడా ఇదే... సర్వర్ కొనేముందు ఎక్కడ ఆగుతోందో కొలవండి బాబూ అని. వాళ్ళూ వినరు.

ఇక సెట్టింగులు. డీసీఎస్‌లో పిక్సెల్ డెన్సిటీ 1.0 దగ్గర వదిలేసి, రిజల్యూషన్ హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కచోటే మార్చండి. రెండుచోట్లా పెంచితే ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. నీడలు తక్కువలో, నేల మీది నీడలు ఫ్లాట్‌లో పెట్టండి. మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, స్క్రీన్ స్పేస్ ప్రతిబింబాలు పూర్తిగా తీసేయండి. మబ్బులు ఒక మెట్టు దించండి. కాక్‌పిట్ టెక్స్చర్లు మాత్రం పైన ఉంచండి, మీరు గంటలకొద్దీ చూసేది డయళ్ళనే. కార్డు మెమరీ చాలకపోతే నేల టెక్స్చర్లు దించండి. మెమరీ నిండితే వచ్చే కుదుపు అన్నిటికన్నా దారుణం.

డీఎల్ఎస్ఎస్ గురించి గొడవలు చాలా ఉన్నాయి. నా ఓటు ఇది: కొండల మధ్య తిరగడానికి అది మంచిదే. కానీ దూరంలో చిన్న చుక్కలా ఉన్న విమానం వెనక దెయ్యంలా తోక వస్తుంది, తెర మీద అంకెలు మారేటప్పుడు అలికినట్టవుతాయి. డాగ్‌ఫైట్ అయితే రెండింతల ఎంఎస్ఏఏ చాలు. క్వాడ్ వ్యూస్ అనే పద్ధతి మధ్యభాగాన్ని పదునుగా గీసి అంచుల్ని తగ్గిస్తుంది, అదీ ప్రయత్నించండి. ఏం మార్చినా ఒకసారి ఒక్కటే మార్చండి. పది మార్చి "ఏదో బాగుపడింది" అనుకుంటే మర్నాడు మళ్ళీ మొదటికే.

హెడ్‌సెట్ ఏది అంటే, పేరు చెప్పను గానీ ఒక హెచ్చరిక. 2023 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీని ఆపేస్తున్నానంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో అది లేదు. ఫ్లైట్ సిమ్ వాళ్ళంతా ముచ్చటపడి కొనుక్కున్న హెచ్‌పీ రివర్బ్ జీ2 దాని మీద ఆధారపడ్డదే. చక్కగా పనిచేసే వస్తువు ఒక అప్‌డేట్‌తో అనాథైంది. అందుకే హెడ్‌సెట్ మీద అప్పు చేయొద్దంటాను. దాని ఆయుష్షు మీ చేతిలో ఉండదు. స్టిక్కు అలా కాదు, పదేళ్ళు మీతోనే ఉంటుంది.

చివరగా కడుపు సంగతి. మొదటి వారం రోజుకి పావుగంటే. తిప్పినట్టనిపించిన క్షణమే తీసేయండి, పంతం పట్టి కొనసాగిస్తే శరీరం ఆ వాసనకే వికారం నేర్చుకుంటుంది. ముఖానికి ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను పెట్టుకోండి. చెమట పట్టదు, ఎటు తిరిగి కూర్చున్నారో గాలి గుర్తు చేస్తుంది. కూకట్‌పల్లి మే నెలలో ఇది సెట్టింగు కాదు, ప్రాణావసరం.

"మరి నువ్వు పెద్ద కార్డు కొన్నావు కదా మామా" అంటాడు వాడు. కొన్నాను. దాన్లో సగం శక్తి వాడకుండానే ఆడుతున్నాను. అనుభవం కొనుక్కున్నవాడు ఉచితంగా ఇస్తానంటే తీసుకోవడానికి ఏం బాధ?

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకి మన వాయుసేన వీడ్కోలు పలికింది. 1963లో చేరాయవి. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక డీసీఎస్‌లో మిగ్-21 ఎక్కాను. నీడలు లేవు, మబ్బులు మామూలుగా, 72 ఫ్రేములు కదలకుండా. దిగడానికి వచ్చేటప్పుడు కూడా గంటకి 300 కిలోమీటర్లు దాటే మొండి విమానం అది. మూడోసారికి సరిగ్గా దింపాను. కాక్‌పిట్‌లోంచి పక్కకి చూస్తే రెక్క అక్కడే ఉంది. తొమ్మిదో తరగతి కళ్ళజోడు సంగతి ఆ పది నిమిషాలూ గుర్తే రాలేదు. అల్ట్రాలో పెట్టుంటే నాకు గుర్తొచ్చేది చెత్తబుట్ట.

అన్నట్టు, అల్లుడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఆ పరీక్ష చేశాట్ట. రిజల్యూషన్ సగం చేసినా ఒక్క ఫ్రేమూ పెరగలేదట. "అంటే కార్డు కాదా మామా?" అన్నాడు, నీరసంగా. 

కాదురా. ఆ ఈఎంఐ డబ్బుల్లో కొంచెం పెట్టి ముందు ఓ మంచి స్టిక్కు కొనుక్కో. మిగిలింది అమ్మకివ్వు.