అమ్మ చదువు మధ్యలో ఆగకూడదు

మన తెలుగు బడికి పిల్లల్ని తీసుకువచ్చే తల్లుల్లో కొందరు ఇప్పుడు తామూ విద్యార్థులే. ఇండియాలో పెళ్ళితోనో, కాన్పుతోనో ఆగిన చదువును ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో మళ్ళీ అందుకున్నారు. చాలా సంతోషం. అయితే చేరడం ఒక ఎత్తు, చివరిదాకా నిలవడం మరో ఎత్తు అని మా అభిప్రాయం.

ఈ దేశంలో చేరడం అంత కష్టం కాదు. హెచ్-4 వీసా మీద ఉన్నవారూ చదువుకోవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో వయసు అడ్డు రాదు. సెమిస్టరుకు ఒకటి రెండు సబ్జెక్టులే తీసుకోవచ్చు. చిక్కంతా పరీక్షల వారంలో వస్తుంది. పిల్లవాడికి జ్వరం, ఇంటికి చుట్టాలు, భర్తకు ఆఫీసులో రిలీజు. అన్నిటికోసం వాయిదా పడేది అమ్మ చదువే. పైగా హెచ్-4 వారికి ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు. "ఈ వయసులో ఎందుకొచ్చిన చదువు" అన్న మాట అక్కడే పుడుతుంది.

రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని ఒకసారి తలుచుకుందాం. బాల్యవివాహాన్నీ, స్వాతంత్ర్యోద్యమంలో జైలునూ దాటి ఆమె చదువు కొనసాగించారు. 1942లో, ముప్ఫై దాటాక, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. తన చదువుతో ఆగలేదు. ఆంధ్ర మహిళా సభ ద్వారా, బడి మానేసిన స్త్రీలను మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు. ఆగిన చదువు సాగాలంటే పక్కవాళ్ళు ఏర్పాట్లు చేయాలని ఆమెకు తెలుసు.

మనమూ కొన్ని చేయగలం. భర్తలకు మా మనవి: సెమిస్టరు మొదట్లోనే ఆమె పరీక్ష తేదీలను మీ రిలీజు తేదీల పక్కన రాసుకోండి. ఆ వారం వంటా, పిల్లలూ మీవే. బడి తరఫున, తరగతులు జరిగే సమయంలో ఒక ఖాళీ గది తల్లుల చదువుకు కేటాయిద్దాం. పరీక్షలున్నవారిని స్నాక్స్ డ్యూటీ నుంచి తప్పించి, వారి పిల్లల్ని దగ్గరి ఇళ్ళవాళ్ళం దింపుదాం.

చదువుతున్న తల్లులకూ ఒక మాట. భారమైతే చెప్పకుండా మానేయకండి, ఎఫ్ గ్రేడు పడవచ్చు. ముందు కాలేజీ కౌన్సెలర్‌ను కలవండి. గడువులోగా ఒక సబ్జెక్టు వదులుకుంటే సాధారణంగా డబ్ల్యూ మాత్రమే పడుతుంది, జీపీఏ తగ్గదు, మిగతావి సాగుతాయి.

పిల్లలూ! అమ్మ హోంవర్కు చేసుకుంటుంటే టీవీ సౌండు తగ్గించండి. మీకు సర్టిఫికెట్లు ఇచ్చే వార్షికోత్సవ వేదిక మీదికి, డిగ్రీ పూర్తిచేసిన అమ్మలనూ పిలుద్దాం. అప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టాల్సింది మీరే.