పొరపాటుకు గడువివ్వని వేగం

జాతీయ రహదారిపై ప్రాణాలు తీస్తున్న చిన్నచిన్న నిర్లక్ష్యాలు
ఆదా అయ్యేది నిమిషాలు.. కోల్పోయేది జీవితాలు

సూర్యాపేట: హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారిపై ప్రమాదం జరిగిన ప్రతిసారీ వినిపించే మాట ఒక్కటే.. 'వాహనం అదుపు తప్పింది' అని. వాహనం తనంతట తానుగా అదుపు తప్పడం అరుదు. టైరు పేలడం, బ్రేకులు పడకపోవడం వంటి యంత్ర లోపాలు లేకపోలేదు గానీ, అత్యధిక సందర్భాల్లో ముందుగా అదుపు తప్పేది చోదకుని దృష్టి. సెల్‌ఫోన్ మోగిందని కిందికి చూడటం, వెనుక సీట్లోని పిల్లవాణ్ని మందలించడానికి తల తిప్పడం, తెల్లవారుజామున రెప్ప వాలడం.. ఇవన్నీ ఎంతటి అనుభవజ్ఞుడైనా చేసే అవకాశమున్న పొరపాట్లే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బంపరుకు సొట్టతో సరిపోయే అదే పొరపాటు, 120 కిలోమీటర్ల వేగంలో ఇంటిల్లిపాదినీ బలి తీసుకుంటోంది. తప్పు అదే, మనిషి అతడే. దాన్ని దిద్దుకునేందుకు దొరకాల్సిన గడువును వేగం హరించివేస్తోంది.

ఒకే జిల్లాలో ఎన్ని విషాదాలో..!

ఉమ్మడి నల్గొండ జిల్లా మీదుగా సాగే రహదారులు రెండు తెలుగు రాష్ట్రాల ప్రముఖులు ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి. 2013 ఆగస్టు 15న తెలుగుదేశం నాయకుడు, మాజీ ఎంపీ లాల్‌జాన్ బాషా నార్కట్‌పల్లి ప్రాంతంలో జరిగిన ప్రమాదంలో మరణించారు. 2014 డిసెంబరు 6న మునగాల మండలం ఆకుపాముల వద్ద నందమూరి జానకిరామ్ ప్రయాణిస్తున్న కారు ట్రాక్టరును ఢీకొనడంతో ఆయన ప్రాణాలు కోల్పోయారు. నాలుగేళ్లు తిరగకుండానే, 2018 ఆగస్టు 29న ఆయన తండ్రి, సినీ నటుడు, మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ నల్గొండ సమీపంలోని అన్నెపర్తి వద్ద దుర్మరణం పాలయ్యారు. అభిమాని ఇంట వివాహానికి హాజరయ్యేందుకు తెల్లవారుజామున బయలుదేరిన ఆయన స్వయంగా కారు నడుపుతున్నారు. వాహనం అతివేగంగా ఉందని, సీటు బెల్టు ధరించలేదని పోలీసులు అప్పట్లో వెల్లడించారు. నీళ్ల సీసా కోసం తిరిగిన క్షణంలో కారు అదుపు తప్పిందని నాటి పత్రికల్లో వార్తలు వచ్చాయి.

పేరున్న వారి మరణాలు పతాక శీర్షికలవుతాయి. పేరు లేని వారివి లోపలి పేజీలో నాలుగు వరుసలతో ముగుస్తాయి. పొలం నుంచి ద్విచక్ర వాహనంపై ఇంటికి వస్తూ రోడ్డు దాటే రైతు, సంతకు వెళ్లే వృద్ధురాలు, ట్రాక్టరు ట్రాలీలో నాట్లకు వెళ్లే కూలీ మహిళలు ఈ జాబితాలో ఎక్కువ. 2018 జూన్‌లో వలిగొండ మండలంలో కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది మరణించారు. అంతకు రెండు నెలల ముందే నల్గొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో మరో ట్రాక్టరు కాలువలోకి దూసుకెళ్లి 9 మంది మహిళా కూలీలు జలసమాధి అయ్యారు. ఇవి జాతీయ రహదారిపై జరిగినవి కావు. మనుషులను చేరవేయడానికి ఉద్దేశించని వాహనం, పక్కన రక్షణ గోడ లేని కాలువ గట్టు ఉన్నచోట క్షణకాలపు ఏమరుపాటు చాలునని అవి నిరూపించాయి.

గణాంకాలు చెప్పేదేమిటి?

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరగ్గా 1,68,491 మంది మరణించారు. ప్రమాదాల్లో 72.3 శాతం, మరణాల్లో 71.2 శాతం అతివేగం ఖాతాలోనే ఉన్నాయి. దేశంలోని మొత్తం రోడ్ల నిడివిలో సుమారు 2 శాతమే ఉండే జాతీయ రహదారులపై ఆ ఏడాది 61,038 మంది కన్నుమూశారు. అంటే మొత్తం మరణాల్లో మూడో వంతుకు పైగా ఇక్కడే సంభవించాయి. మృతుల్లో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపు వారు. కుటుంబానికి ఆధారమైన వయసు అది.

అయితే ఈ లెక్కల్లో ఒక విషయం గమనించాలి. ప్రమాదం జరిగితే 'అతివేగంగా, అజాగ్రత్తగా నడిపినందున' అని ప్రాథమిక సమాచార నివేదికలో రాయడం పోలీసు స్టేషన్లలో పరిపాటి. రోడ్డు వంపులో లోపం ఉన్నా, దీపాలు లేకపోయినా, సూచిక బోర్డు కనిపించకపోయినా నెపం చోదకుడిపైకే పోతుంది. కాబట్టి ప్రతి ప్రమాదానికీ వేగమే ఏకైక కారణమని ఈ అంకెలను బట్టి తీర్మానించలేం. కానీ కారణం ఏదైనా, పర్యవసానం ఎంత తీవ్రంగా ఉండాలో నిర్ణయించేది మాత్రం వేగమే. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది.

బ్రేకు వేసినా ఆగదు

ఎదురుగా గేదె అడ్డొచ్చింది. చోదకుడు చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకుపై పడేసరికి కనీసం ఒక సెకను గడుస్తుంది. గంటకు 60 కి.మీ. వేగంలో ఆ ఒక్క సెకనులో వాహనం 17 మీటర్లు వెళుతుంది. 100 కి.మీ. వేగంలో 28 మీటర్లు, 120 కి.మీ. వేగంలో 33 మీటర్లు దూసుకుపోతుంది. బ్రేకు పడిన తరువాత ఆగే దూరం వేరు. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉన్న కారుకు రెండూ కలిపి 60 కి.మీ. వేగంలో సుమారు 37 మీటర్లు, 80లో 57, 100లో 83, 120లో 112 మీటర్లు అవసరమవుతాయి. వేగం రెట్టింపయితే ఆగే దూరం మూడింతలవుతోందన్న మాట. వానకు తడిసిన రోడ్డుపైనా, అరిగిన టైర్లతోనూ ఇది మరింత పెరుగుతుంది. సరుకుతో నిండిన లారీ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇందులో చాలామందికి తెలియని కిటుకు మరొకటి ఉంది. 100 కి.మీ. వేగంతో వెళ్లే కారు, 120 కి.మీ. వేగంతో వెళ్లే కారు పక్కపక్కనే ఉండగా ఇద్దరు చోదకులూ ఒకేసారి గేదెను చూసి ఒకేసారి బ్రేకు వేశారనుకుందాం. మొదటి కారు గేదె ముందు సరిగ్గా ఆగిన చోట, రెండో కారు ఇంకా గంటకు 70 కిలోమీటర్లకు పైగా వేగంతో ఉంటుంది. 'ఇరవయ్యే కదా తేడా' అనుకునే ఆ ఇరవై, ఒకరిని క్షేమంగా ఇంటికి, మరొకరిని ఆసుపత్రికి పంపుతుంది.

తాకిడి తీవ్రత వేగానికి వర్గ అనుపాతంలో పెరుగుతుందన్నది పదో తరగతి లోపే చదువుకునే పాఠం. 60 కి.మీ. వేగంతో గోడను ఢీకొనడమంటే నాలుగైదు అంతస్తుల భవనం పైనుంచి కింద పడటంతో సమానం. 100 కి.మీ. వేగమైతే పన్నెండు అంతస్తుల పైనుంచి పడినట్లే. మేడ అంచున నిలబడటానికి భయపడే మనిషి, స్టీరింగు పట్టుకోగానే ఆ భయం మరచిపోవడమే విచిత్రం.

రాత్రివేళ ముప్పు రెట్టింపు

రాత్రి ప్రయాణంలో మరో చిక్కు ఉంది. ఎదుటివారికి ఇబ్బంది లేకుండా డిప్‌లో ఉంచిన హెడ్‌లైటు సాధారణంగా 50, 60 మీటర్లకు మించి స్పష్టంగా చూపదు. 100 కి.మీ. వేగంలో ఆగడానికి 83 మీటర్లు కావాలి. అంటే చోదకుడు తనకు కనిపించని దూరంలోకి వాహనాన్ని నడుపుతున్నాడన్న మాట. రోడ్డు అంచున టెయిల్ ల్యాంపులు లేకుండా నిలిపిన లారీని వెనుక నుంచి ఢీకొనే ప్రమాదాలు తెల్లవారుజామున ఎక్కువగా జరగడంలో ఆశ్చర్యం లేదు. కేంద్ర మాజీ మంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2న శ్రీకాకుళం జిల్లా రణస్థలం వద్ద మరణించింది అర్ధరాత్రి దాటాక ట్యాంకరును కారు ఢీకొన్న ఘటనలోనే.

2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద జరిగిన దుర్ఘటన ఒకరి తప్పు ఎందరి మెడకు చుట్టుకుంటుందో చెబుతుంది. మద్యం తాగి బండి నడిపిన యువకుడు డివైడర్‌ను ఢీకొని మరణించాడు. అతడి ద్విచక్ర వాహనం రోడ్డుపైనే పడి ఉంది. చీకట్లో వచ్చిన ప్రైవేటు బస్సు దానిపైకెక్కి కొంతదూరం ఈడ్చుకెళ్లడంతో మంటలు చెలరేగి, నిద్రలో ఉన్న ప్రయాణికుల్లో 19 మంది సజీవ దహనమయ్యారు.

తెలిసీ చేస్తున్న తప్పిదాలు

రహదారిపై పదే పదే కనిపించే తప్పిదాలు కొన్నే. అవన్నీ తెలిసినవే.

సెల్‌ఫోన్: 100 కి.మీ. వేగంలో మూడు సెకన్లు తెరవైపు చూస్తే 83 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్లే. చెవిలో పరికరం పెట్టుకుంటే ఫర్వాలేదన్న భావన సరికాదు. చేతులు ఖాళీగా ఉన్నా మనసు మాటల్లోనే ఉంటుంది.

కునుకు: శుభకార్యం ముగించుకుని రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణమవడం మన ఇళ్లలో మామూలైంది. రోజంతా పనిచేసిన డ్రైవరును అర్ధరాత్రి బండి తీయమనడం యజమాని తప్పు. నిద్ర వస్తోందని చెప్పడానికి మొహమాటపడటం డ్రైవరు తప్పు. టీ తాగినా, పాటలు పెట్టినా నిద్ర వాయిదా పడుతుందే తప్ప తీరదు.

రాంగ్ రూట్: యూటర్న్ కోసం కిలోమీటరు ముందుకు వెళ్లాలని బద్ధకించి ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లు, ద్విచక్ర వాహనాలు రహదారి గ్రామాల్లో నిత్య దృశ్యం. రెండు వాహనాలు ఎదురెదురుగా వచ్చినప్పుడు మధ్య దూరం తరిగిపోయేది రెండింటి వేగాల మొత్తంతో అన్నది వారికి తట్టదు.

రోడ్డుపై ధాన్యం: కోతల కాలంలో సగం రోడ్డు కల్లంగా మారుతుంది. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ వద్ద ధాన్యం కుప్పను తప్పించబోయి కారు బోల్తాపడిన ఘటనలో శాసనసభ్యురాలు శోభా నాగిరెడ్డి మరణించారు. ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదు.

బెల్టు పెట్టుకోకపోవడం: 2022లో సీటు బెల్టు ధరించని కారణంగా దేశంలో 16,715 మంది, హెల్మెట్ లేక 50,029 మంది మరణించారు. వెనుక సీట్లో బెల్టు అక్కర్లేదన్న అపోహ ఇంకా తొలగలేదు. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించింది ఖరీదైన కారు వెనుక సీట్లో, బెల్టు లేకుండానే.

ఇంత చేసి మిగిలేదెంత?

60 కిలోమీటర్ల దూరాన్ని 80 కి.మీ. వేగంతో వెళ్తే 45 నిమిషాలు పడుతుంది. 100తో వెళ్తే 36, 120తో వెళ్తే 30 నిమిషాలు. 80 నుంచి 120కి పెంచితే మిగిలేది పావుగంట. అదీ దారి పొడవునా ఎక్కడా బ్రేకు వేయకుండా వెళ్తేనే. టోల్‌ప్లాజా వద్ద వరుస, ఊరి కూడలిలో రద్దీ, హోటల్ వద్ద టీ.. ఆ పావుగంట అక్కడే కరిగిపోతుంది. పక్కనుంచి బాణంలా దూసుకెళ్లిన కారే పంతంగి టోల్‌ప్లాజా వద్ద మన ముందు రెండో బండిగా నిలబడి ఉండటం ఈ దారిలో తిరిగే వారందరికీ అనుభవమే.

ఒక్క చోదకుడిదే బాధ్యతా?

రహదారి విస్తరణతో వేగం పెరిగింది. ఆ వేగానికి తగ్గట్టు ఊళ్ల ఏర్పాట్లు మారలేదు. ఊరు ఒకవైపు, పొలాలు మరోవైపు ఉన్న గ్రామాల్లో రోజుకు నాలుగుసార్లు రోడ్డు దాటక తప్పదు. అక్కడ అండర్‌పాస్ లేకుంటే గ్రామస్థులు డివైడర్‌కు కన్నం పెట్టుకుంటారు. బ్లాక్ స్పాట్లుగా గుర్తించిన కూడళ్ల వద్ద వంతెనలు, అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్ల పనులు చేపట్టడం హర్షణీయం. అయితే పనులు జరుగుతున్న చోట దారి మళ్లింపు బోర్డులు, రాత్రివేళ మెరిసే సూచికలు సరిగా లేకపోతే నివారణ చర్యే కొత్త ప్రమాదానికి కారణమవుతుంది.

చట్టం కఠినంగానే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఫోను పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది. మైనరుకు బండి ఇచ్చి ప్రమాదానికి కారణమైతే తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా విధించవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారకులైతే అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే. కానీ స్పీడ్ గన్ ఎక్కడుందో తెలిసిన చోదకుడు అక్కడ వేగం తగ్గించి, దాటగానే మళ్లీ పెంచుతున్నాడు. చలానాకు భయపడుతున్నారే తప్ప ప్రమాదానికి కాదు. ఒక్కచోట నిఘా కంటే రెండు టోల్‌ప్లాజాల మధ్య పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగాన్ని లెక్కించే విధానం మేలు. వాహనం దాటిన సమయం ఫాస్టాగ్‌లో ఎలాగూ నమోదవుతోంది.

అధికారులు రోడ్డును సరిదిద్దాలి, పోలీసులు నిఘా పెంచాలి. అవి జరిగే వరకు చోదకుడి చేతిలో ఉన్నది కుడికాలు ఒక్కటే. మనుషులన్నాక పొరపాట్లు చేయక మానరు. ఆ పొరపాటును దిద్దుకోవడానికి రెండు సెకన్ల వ్యవధి మిగలాలంటే, ముందు వాహనానికి తగినంత ఎడం ఉండాలి, స్పీడోమీటరు ముల్లు పరిమితి దాటకుండా ఉండాలి. శుభకార్యానికి పావుగంట ఆలస్యంగా చేరిన బంధువును ఎవరూ తప్పుపట్టరు.