ఇల్లు సర్దితే తొమ్మిదేళ్లు!

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ‘కోర్ జావా’ బోర్డు కనిపించని వీధి ఒకప్పుడు ఉండేది కాదు. ఆ జావాతో ప్రోగ్రాం రాయాలంటే ముందు కంప్యూటర్లో జేడీకే ఉండాలి. సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో జావాని లోకానికి చూపించినప్పుడు అది చిన్న ఇల్లే. ఆ తర్వాత ఏ అవసరమొస్తే ఆ గది కట్టుకుంటూ పోయారు. డేటాబేస్‌కి ఒకటి, తెరమీద బటన్లూ మెనూలూ గీయడానికి ఒకటి, ఎక్స్‌ఎంఎల్‌కి ఇంకొకటి... గదులు పెరిగాయిగానీ మధ్యన గోడలు లేవు! దాదాపు అన్నీ కలిపి ‘ఆర్‌టీ.జార్’ అనే ఒకే ఫైలు. జావా 8 నాటికి దాని బరువు సుమారు 60 ఎంబీ.

దీన్ని మాడ్యూళ్లుగా విడదీయాలని 2008 డిసెంబరులో ‘ప్రాజెక్ట్ జిగ్‌సా’ మొదలైంది. పిల్లల జిగ్‌సా ఆటలో ముక్కలు కలిపితే బొమ్మవుతుంది. వీళ్లది తయారైన బొమ్మని, దాన్ని వాడుతున్నవాళ్లకి తెలియకుండా, ముక్కలు కోసే పని. బ్యాంకుల్లో, టెలికాం కంపెనీల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న ప్రోగ్రాములు దానిమీదే ఉన్నాయి మరి. ఒక్క కత్తెర పక్కకి పోయినా ఎక్కడో ఏదో ఆగిపోతుంది.

ఫైళ్లు జరపడం కష్టం కాదు. చిక్కంతా ముడులతోనే. ఓ ఉదాహరణ చూడండి. ప్రోగ్రాములో ఏం జరిగిందో చిట్టా రాసిపెట్టే లాగింగ్ భాగం ఉంది. అది ఎప్పుడో ‘జావా.బీన్స్’ నుంచి ఒక చిన్న సదుపాయం అరువు తెచ్చుకుంది. ఆ బీన్సేమో డెస్క్‌టాప్ భాగానికి అతుక్కుని ఉంది. అంటే చిట్టా రాసుకోవాలన్నా కిటికీలూ మెనూలూ గీసే సరంజామా అంతా వెంట రావాలన్నమాట! ఆ ముడి విప్పాలంటే కొన్ని మెథడ్లు తీసెయ్యాలి. ఇలాంటివి మొత్తం ఆరు తేలాయి. 2014లో వచ్చిన జావా 8లో ‘ఇవి త్వరలో పోతాయి’ అని ముందస్తు నోటీసిచ్చి, జావా 9లో తీసేశారు. ఆరు మెథడ్లకి అంత ఓపిక!

సోర్స్ కోడ్‌ని కొత్త అరల్లోకి మార్చింది కూడా 2014లోనే. అప్పటిదాకా ‘సోలారిస్’ అని పేరున్న ఫోల్డరులో లినక్స్ మీద నడిచే కోడ్ కూడా కాపురముండేది. సోలారిస్ అనేది సన్ కంపెనీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్. కంపెనీని 2010లో ఒరాకిల్ కొనేసినా ఆ పాత పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. సర్దుడులో దానికి ‘యూనిక్స్’ అన్న సరైన పేరొచ్చింది. ఒక్కో మాడ్యూల్‌కి ఒక్కో ఫోల్డరు. కోడ్‌ని కూర్చి సాఫ్ట్‌వేర్‌గా మార్చే ‘బిల్డ్’నీ తిరగరాశారు. ఒక మాడ్యూల్ తనకి హక్కులేని పక్క మాడ్యూల్లో చెయ్యి పెడితే బిల్డ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. గోడ అంటే అదీ!

అయితే పాత వెర్షన్లకి మరమ్మతులు చేసేవాళ్ల గతేంటి? కొత్త ఇంట్లో చేసిన రిపేరుని పాత ఇంట్లోనూ చెయ్యాలంటే చిరునామాలు కుదరవు. అందుకోసం పాత దారుల్ని కొత్త దారులుగా, కొత్తవాటిని పాతవిగా మార్చిపెట్టే ‘అన్‌షఫుల్’ స్క్రిప్టు ఒకటి రాసి ఉంచారు. ఇలాంటి పనికి చప్పట్లు పడవుగానీ, అసలు అక్కర అదే.

మొదట జావా 7కి అనుకున్న పని 8కి, అక్కణ్నుంచి 9కి జరిగింది. తీరా 2017 మేలో జావా సంస్థల కమిటీ ఓటింగ్‌లో 13 మంది వద్దన్నారు, పదిమందే సరేనన్నారు. వద్దన్నవాళ్లలో ఐబీఎం, రెడ్‌హ్యాట్ ఉన్నాయి. మార్పులు చేశాక జూన్‌లో మళ్లీ ఓటు పెడితే 24 మంది ఒప్పుకున్నారు. సెప్టెంబరు 21న జావా 9 విడుదలైంది.

తమాషా ఏంటంటే, కోడ్‌ని ఇన్ని మాడ్యూళ్లుగా విడగొట్టినవాళ్లే వెంటనే రిపాజిటరీలని కలిపేశారు. అప్పటిదాకా జేడీకే కోడ్ హాట్‌స్పాట్, ల్యాంగ్‌టూల్స్, నాషార్న్, కోర్బా అంటూ ఎనిమిది రిపాజిటరీల్లో ఉండేది. ఒక మార్పు రెండింటిని తాకితే రెండుసార్లు విడివిడిగా చేర్చాలి. ఒకటి చేరి ఇంకొకటి చేరని ఆ మధ్యకాలంలో ఎవరైనా కోడ్ దించుకుంటే బిల్డ్ విరిగినట్టే. జావా 8, 9ల్లో ఇలా ఒకటికి మించి రిపాజిటరీల్లో చెయ్యిపెట్టాల్సిన బగ్గులు వెయ్యి దాటాయి. గోడలు ఉండాల్సింది మాడ్యూళ్ల మధ్యనే తప్ప బీరువాల మధ్య కాదని అప్పటికి తేలింది. జావా 10 పని మొదలవగానే ఎనిమిదీ ఒకటయ్యాయి.

2020 సెప్టెంబరులో ఆ ఒక్కటీ మెర్క్యూరియల్ నుంచి గిట్‌కి మారింది. కోడ్ చరిత్ర దాచుకునే ఫోల్డరు అంతకుముందు సుమారు 1.2 జీబీ ఉండేది. మారాక 300 ఎంబీకి వచ్చింది.