శిలువ ఎవరి గుర్తు?

శంషాబాద్ అనగానే అందరికీ విమానాలే గుర్తొస్తాయి. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది. ఆ పేరుతోనే 2017 అక్టోబర్ 10న పోప్ ఫ్రాన్సిస్ సీరో మలబార్ క్రైస్తవులకు ఒక మేత్రాసనం ఏర్పాటు చేశారు. వారి సంప్రదాయంలో ఉన్న తోమా శిలువ గురించి మన యువతకు, మన తోటి ఉపాధ్యాయులకు నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే శిలువ పేరుతో మన పిల్లలను రెండు వైపుల నుంచీ లాగుతున్నారు.

ఒకరు వచ్చి, 'మెడలో శిలువ ఉంటే నువ్వు ఆదివాసీవి కాదు, నీ ఎస్టీ సర్టిఫికెట్ తీసేయాలి' అంటారు. ఇంకొకరు వచ్చి, 'శిలువ వేసుకున్నావు కదా, ఇక డోలు ముట్టకు, ఇలవేల్పు పడిగె దగ్గరికి పోకు' అంటారు. ఇద్దరూ శత్రువుల్లా కనిపిస్తారు గానీ చెప్పేది ఒకటే: శిలువ ఉన్నచోట ఆదివాసీ ఉండకూడదు. ఇద్దరి మాటా తప్పని మేము అంటున్నాం.

అసలు శిలువ ఏమిటి? రోమన్ల కాలంలో అది బానిసలను, తిరగబడ్డవారిని చంపే కొయ్య. క్రీస్తు పూర్వం 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక, కపువా నుంచి రోమ్ దాకా దారి పొడవునా 6,000 మందిని కొయ్యలకు వేలాడదీశారు. రోమన్ పౌరులకు మామూలుగా ఆ శిక్ష లేదు. అందుకే తొలి క్రైస్తవులు చేప, లంగరు వంటి గుర్తులనే ఎక్కువగా వాడారు. 312లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి గెలిచిన తర్వాతే శిలువ రాజ్యపు జెండాల మీదికి ఎక్కింది. చంపబడ్డవాడి గుర్తు చంపే రాజ్యం చేతికి పోయిందన్నమాట. ఆ తేడా మన పిల్లలకు తెలియాలి.

ఈ గుర్తు మన దేశానికి వచ్చాక ఏమైంది? మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ మీద 1547లో పోర్చుగీసువారు పునాదులు తవ్వుతుంటే ఒక రాతి శిలువ బయటపడింది. దాని చుట్టూ పహ్లవీ లిపిలో రాత ఉంది. దాని మీద ఏసు దేహం లేదు. అదే తోమా శిలువ. ఆ కోవకు చెందిన శిలువల పాదం దగ్గర తామర రేకులు, పైన పావురం కనిపిస్తాయి. 'శిలువ' అన్న మాట కూడా సిరియాక్ భాషలోని 'స్లీవా' నుంచి వచ్చిందే. పర్షియా లిపి, సిరియాక్ మాట, మన నేల తామర ఒకే గుర్తులో ఒదిగాయి. మరి మన డోలుకు, మన పడిగెకు అక్కడ చోటు లేదని ఎవరు చెప్పగలరు?

దూరం పోనక్కర్లేదు. తండాలూ గూడేలూ ఉన్న మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన చర్చి 1939లో ప్రతిష్ఠ అయింది. దానికి గుడి స్తంభాలున్నాయి, మసీదు గుమ్మటాలున్నాయి. దాంతో శిలువకు వచ్చిన నష్టమేమీ లేదు.

ఇక సర్టిఫికెట్ మాట. 1950 నాటి ఉత్తర్వుల్లో ఎస్సీలకు మతం షరతు పెట్టారు, ఎస్టీలకు పెట్టలేదు. 2004లో కేరళ కేసులో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం దానంతటదే పోదని చెప్పింది. అయితే ఆ మనిషి తెగ ఆచారాలు పాటిస్తున్నాడా, తెగ అతన్ని తనవాడిగా ఒప్పుకుంటోందా అన్నది చూడాలంది. అంటే ఆచారాలు వదలమని బోధించేవారు మన పిల్లల కాళ్ల కింది నేలను తామే తవ్వుతున్నారు. సర్టిఫికెట్ లాక్కోవాలనేవారికి ఆ గొయ్యి బాగా పనికొస్తుంది.

మేడారంలో మనం ఏ విగ్రహానికీ మొక్కం. చిలకలగుట్ట నుంచి వచ్చే కుంకుమ భరిణెలో, రాజుకు పన్ను కట్టనని పోరాడి ఒరిగిన సమ్మక్కను చూస్తాం. చంపబడ్డవారిని గుర్తులో నిలుపుకోవడం మనకు ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, శిలువ వేసుకోవడమో మానడమో మీ ఇష్టం. వేసుకున్నా గోత్రం మరవకండి, పండుగకు ఊరికి రండి, ఇంట్లో మన భాషే మాట్లాడండి. ఉపాధ్యాయ మిత్రులారా, శిలువ ఉన్న పిల్లనూ, లేని పిల్లనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టండి. ఎవరిని ఏ గుర్తుతో మనవాళ్లనుకోవాలో మన తెగే తేల్చుకుంటుంది. ఆ తీర్పు బయటివారి చేతికి ఇవ్వం.